టీ మొత్తం తాగిన అభ్యర్థి

మా ఇంటి కాలింగ్‌బెల్ అంటే నాకు పడదు. నొక్కితే అది టింగుమనదు, పిట్టలా కూయదు. ఒకావిడ గొంతు "కృపయా దర్వాజా ఖోలియే" అని వేడుకుంటుంది. తలుపు తీసేదాకా వేడుకుంటూనే ఉంటుంది. పాలవాడొచ్చినా ఆవిడే, కొరియర్ వాడొచ్చినా ఆవిడే. పాప పుట్టకముందు మా వారు లక్ష్మీ నగర్‌లో దాన్ని కొనుక్కొచ్చి "మర్యాదగా ఉంది కదా" అన్నారు. అప్పట్నుంచీ ఆ మర్యాదను భరిస్తున్నాను. ఈలోగా ఇంట్లో ఫ్రిజ్ పోయింది, గీజర్ పోయింది, నా నడుము పోయింది. బెల్ మాత్రం నిక్షేపంలా ఉంది.

మేయర్ ఎన్నికలొచ్చిన ఆ ఎండాకాలం బెల్లులో ఆవిడకు ఊపిరాడలేదు. ఒక పార్టీ వాళ్లు వచ్చి నొక్కడం, వాళ్ల తరఫున ఆవిడ బతిమాలడం. వాళ్లు మెట్లు దిగకముందే ఇంకో పార్టీ. ఆ నెలలో మా నగరంలో అందరికంటే ఎక్కువగా జనాన్ని బతిమాలుకున్నది ఆవిడే. నిలబడితే గెలిచేదేమో కూడా.

ఢిల్లీ చుట్టుపక్కల ఉండే మా తెలుగువాళ్లందరికీ మేయర్ యోగం సమానంగా లేదు. ద్వారకలో ఉండే మా ఆడపడుచు వాళ్లు కార్పొరేటరుకు ఓటేస్తారు, మేయర్ని ఆ కార్పొరేటర్లు చూసుకుంటారు. నోయిడాలో మా వారి ఆఫీసు వాళ్లకు అసలు మేయరే లేడు, ఆ లోటు వాళ్లకు తెలిసినట్టూ లేదు. సరిహద్దుకు ఈ పక్క మా నగరంలో మాత్రం మేయర్ని జనమే నేరుగా ఎన్నుకుంటారు. ఈ విషయం మా వారు ఫోనులో చెల్లెలికి చెబుతుంటే వినాలి. మేయర్ని ఆయనే కనిపెట్టినట్టు ఉండేది.

ఆసారి పదవి మహిళలకు రిజర్వు అయింది. అందుకని గోడల మీద పోస్టర్లన్నిటిలో ఒక మహిళ చేతులు జోడించుకుని ఉంది, పక్కన ఆవిడకంటే పెద్ద సైజులో వాళ్లాయన ఉన్నాడు. ఎవరికి ఓటెయ్యాలో పోస్టరు చూస్తే తెలియదు గాని, ఎవరు మేయర్ అవబోతున్నారో తెలిసిపోయేది.

మా బ్లాకులో బెల్ నొక్కకుండా మమ్మల్ని పిలిచే మనిషి ఒక్కరే. కింద ముందువైపు ఫ్లాట్‌లో ఉండే ఆంటీ. ఆవిడ ప్రభుత్వ పాఠశాలలో డ్రిల్లు టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. ఊళ్లో సగం మంది పిల్లల్ని పరిగెత్తించి, చివరికి తన మోకాళ్లు అరగదీసుకున్నారు. మాది లిఫ్టు లేని నాలుగంతస్తుల పాత కట్టడం. మేం వెనకవైపు, పైన. ఆంటీ మెట్లెక్కలేరు కాబట్టి మెట్ల దగ్గర నిలబడి ఈల వేస్తారు. మాకు రెండు పొట్టి, ఒక పొడుగు. మా కింద ఉండే కరీంనగర్ అన్నకు ఒకటే పొడుగు. ఆయన ఒకసారి తన ఈల వినబడి కూడా పలక్కపోతే, మైదానంలో పిల్లల్ని ఆపే ఈల వేశారు. ఆ రోజు వీధి మొత్తం ఆగింది.

ఆంటీ మాట్లాడేది మీరట్ హిందీ. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను కాబట్టి ఆవిడ కాస్త మృదువుగా వినబడితే ఆ తప్పు నాది.

పాప పుట్టినప్పుడు మా వారు ఆఫీసు పని మీద పుణెలో ఉన్నారు. నెలలు నిండలేదు, అమ్మకు రైలు టికెట్టు పై వారానికి దొరికింది. ఒక మధ్యాహ్నం వంటింట్లో నుంచుని ఉండగా ఉమ్మనీరు పోయింది. ఆంటీ అప్పటికింకా మెట్లెక్కేవారు. ఎక్కారు, నన్ను దింపారు, వీధిలో పోతున్న ఒక కారుకు ఈల వేసి ఆపి అందులో ఎక్కించారు. కారు ఎవరిదో నాకు ఈనాటికీ తెలియదు. ఆసుపత్రి కౌంటరు దగ్గర గుమాస్తా "పేషెంటుకు మీరేమవుతారు?" అని అడిగాడు.

"అమ్మను."

ఆయన ఆవిడ వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఆంటీ ఆరడుగులకు కాస్త తక్కువ, గోధుమ రంగు. నేను ఐదడుగులకు కాస్త ఎక్కువ. నా రంగు గురించి పెళ్లిచూపుల్లో చాలినంత చర్చ జరిగింది.

"వాళ్ల నాన్న పోలిక," అన్నారు ఆంటీ. "తొందరగా రాసుకో."

ఆ రోజు నుంచి మా వారు ఆవిడకు దామాద్ జీ, అల్లుడుగారు. నా సెలవు అయిపోయి నేను మళ్లీ మంత్రిత్వ శాఖలో ఫైళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు, పాప ఆంటీ వరండాలోనే పాకింది, నడిచింది, అక్షరాలు దిద్దింది. ఇప్పటికీ బడి నుంచి నేరుగా అక్కడికే పోతుంది. నేను తెలుగులో అడిగితే హిందీలో జవాబిస్తుంది, అదీ డ్రిల్లు టీచరు హిందీలో. "అన్నం తిన్నావా?" అంటే "ఖా లియా, ఆగే బోలో" అంటుంది, తిన్నానులే, తర్వాత మాటేంటన్నట్టు. పిల్లకు క్రమశిక్షణ ఎలా వచ్చిందని మా అత్తగారు నన్ను మెచ్చుకుంటే, నేను కాదనకుండా విని ఊరుకుంటాను.

ఆ వరండాకు ఎదురుగా మునిసిపాలిటీ వాళ్లు ఒక పెద్ద ఇనప డబ్బా తెచ్చి పెట్టారు. చుట్టుపక్కల వీధుల చెత్త అంతా రిక్షా బళ్లలో వచ్చి అందులో పడాలి. లారీ వచ్చి దాన్ని ఎత్తుకెళ్లాలి. పడటం క్రమం తప్పకుండా జరిగేది. ఎత్తుకెళ్లడం లారీ మనసును బట్టి ఉండేది. ఎండలు ముదిరేసరికి ఆంటీకి దగ్గు పట్టుకుంది. డాక్టరు, వానాకాలంలో ఈ గాలి పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయన్నాడు. గురుగ్రామ్‌లో పంతొమ్మిదో అంతస్తులో ఉండే ఆవిడ కొడుకు, ఇల్లు అమ్మేసి తన దగ్గరికి వచ్చెయ్యమని ఫోను చేశాడు.

"పంతొమ్మిదో అంతస్తు నుంచి ఈల వేస్తే ఎవడికి వినబడుతుంది?" అన్నారు ఆంటీ నాతో. తర్వాత కొంచెం సేపు పాప జడ అల్లుతూ ఉండి, "వానలు మొదలయ్యేలోగా ఆ డబ్బా కదలాలి. అది కదలకపోతే నేను కదులుతా," అన్నారు.

ఆవిడ ఊరికే అనే మనిషి కాదు. ఆ రాత్రి నేను మా వారికి చెబితే ఆయన "పాప ఏమైపోతుంది?" అన్నారు. నేను పాప గురించి ఆలోచించలేదు. నేనేమైపోతానా అని ఆలోచించాను.

అందుకే మేయర్ ఎన్నిక మాకు దేశ రాజకీయాలకంటే పెద్దదైంది. ప్రతి ఆదివారం మా ఇంట్లో పెసరట్ల మీద అభ్యర్థుల గురించి అభిప్రాయాలు వడ్డించేవాళ్లం. మా బ్లాకు వెనకవైపు ఫ్లాట్లు చవక. అందువల్ల మొదటి అంతస్తులో రైల్వేలో పనిచేసే నెల్లూరు దంపతులు, రెండో దాంట్లో కరీంనగర్ అన్న, పైన మేము, అంతా ఒకరి మీద ఒకరు తెలుగువాళ్లమే ఉంటాం.

"పని చేసేది ఆమె మొగుడే గదా బావా," అనేవారు మా వారు తెనాలి యాసలో, పేపరు మడుస్తూ. "పదేళ్లుగా కాంట్రాక్టులు చేశాడు. ఏ రోడ్డులో ఎంత గుంట ఉందో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?"

"తెల్వకేం, తవ్వినోడు గాయనే గదా," అనేవాడు అన్న. "గందుకే అంటున్న బావా, ఆ రెండో ఆమెకు ఏద్దాం. సదువుకున్నది, ఇంగ్లీషుల మాట్లాడతది."

"చెత్తతో ఇంగ్లీషులో మాట్లాడాలాండీ?" అన్నాను నేను.

"చెల్లె, నువ్వు అట్లు పోయ్. రాజకీయాలు మేం చూస్తం."

నెల్లూరాయన ఏ అభిప్రాయమూ లేకుండా నాలుగట్లు తినేవాడు. ఎవరినైనా మార్చగలిగితే ఈయన్నే మార్చాలని మా వారూ అన్నా ఇద్దరూ ఆయన వైపు తిరిగి వాదించేవారు. ఎన్నికల ప్రసంగాలు అంత దగ్గర నుంచి వింటూ అంత ప్రశాంతంగా చట్నీ వేసుకున్న ఓటరు దేశంలో ఇంకొకరు ఉండరు.

ఆంటీ పేపర్లు చదవరు. ఆవిడ పద్ధతి వేరు. ప్రచారానికి వచ్చిన ప్రతి అభ్యర్థినీ తన వరండాలో, ఆ డబ్బాకు ఎదురుగా వేసిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి టీ ఇవ్వడం. అంతే. ప్రశ్నలుండవు, అర్జీలుండవు. టీ మాత్రం పెద్ద స్టీలు గ్లాసు నిండా, పొగలు కక్కుతూ ఉంటుంది. చల్లారేదాకా ఎవరైనా అక్కడ కూర్చోవాల్సిందే. మామూలుగా ఆదివారం పొద్దుటి వేళే వచ్చేవాళ్లు కాబట్టి నేను పాపను తీసుకొచ్చే సాకుతో కిందికి వెళ్లి చూసేదాన్ని.

మొదటి అభ్యర్థి రాలేదు, ఆవిడ భర్త వచ్చాడు.

"మేడమ్ ప్రచారంలో ఉన్నారు," అన్నాడు.

"మరి మీరు?"

"నేనూ ప్రచారంలోనే ఉన్నాను ఆంటీజీ."

రెండు గుక్కలు నిలబడే తాగాడు. డబ్బా వైపు చూడకుండా "అయిపోతుంది, అంతా అయిపోతుంది" అని, ఏమైపోతుందో చెప్పకుండా వెళ్లిపోయాడు. వెనకే వచ్చిన సన్నటి కార్యకర్త మిగిలిన టీని మొక్కల తొట్టిలో పోశాడు. ఆ మొక్క బాగానే ఉంది.

ఇంగ్లీషు మాట్లాడే రెండో ఆవిడ స్వయంగా వచ్చింది, ముఖానికి మాస్కు పెట్టుకుని. గ్లాసు పట్టుకుని ఆంటీ పక్కన ఫొటో దిగింది. ఫొటో కోసం మాస్కు తీసింది, టీ కోసం తియ్యలేదు. ఆంటీ ఆ గ్లాసును పాపతో లోపలికి పంపించి, "మళ్లీ వేడి చేసి నువ్వు తాగు," అన్నారు నాతో. తాగాను. అభ్యర్థులు వదిలేసిన టీతోనే ఆ నెలంతా గడిచింది నాకు.

మూడో ఆవిడ బొద్దుగా, నుదుటి మీద చెమట తుడుచుకుంటూ, నలుగురే మనుషులతో వచ్చింది. కుర్చీలో కూర్చుంది. టీ తాగింది. బిస్కట్టు ముంచుకుని తింది. ఎండలో ఆ డబ్బా తన శక్తి మొత్తం చూపిస్తున్న రోజది. పక్కన నిలబడిన మనిషి చొక్కాతో ముక్కు మూసుకున్నాడు. ఆవిడ గ్లాసు ఖాళీ చేసి "ఇంకొంచెం ఉందా ఆంటీజీ?" అంది.

మెట్ల మీద నిలబడి చూస్తున్న కరీంనగర్ అన్న నా చెవిలో "గామెకే చెల్లె, గామెకే నా ఓటు," అన్నాడు. వారాల తరబడి కాచుకున్న సిద్ధాంతాలు ఒక్క గ్లాసు టీలో కొట్టుకుపోయాయి.

రెండో గ్లాసు కూడా అయ్యాక ఆవిడ కొంగుతో మూతి తుడుచుకుని, కొంచెం ఇబ్బందిగా చెప్పింది. "ఆంటీజీ, అందరూ నా వైపు ఎందుకు అలా చూస్తున్నారో అర్థమైంది. నాకు వాసన తెలియదు. కరోనా వచ్చి తగ్గాక పోయింది, మళ్లీ రాలేదు. ఇక్కడ బాగా వస్తోందా?"

అన్న తన ఓటు సంగతి పునరాలోచిస్తున్నట్టు గడ్డం గోక్కున్నాడు.

"చచ్చిపోయేంత వస్తోంది," అన్నారు ఆంటీ.

"అయితే తీయించాల్సిందే. నాకు తెలియకపోతేనేం, మీరు చెబుతున్నారు కదా."

ఆవిడ వెళ్లాక ఆంటీ ఆ ఖాళీ గ్లాసును పాపతో లోపలికి పంపించారు. తర్వాత తీర్పు చెప్పారు. "ముక్కులున్న వాళ్లు చెప్పలేని మాట ఆ పిల్ల చెప్పింది. మన బ్లాకు ఓట్లన్నీ ఆమెకే."

పోలింగుకు ముందు రోజు సాయంత్రం ఆంటీ పాపతో కబురంపారు. పొద్దున ఏడింటికి, ఎండ ముదరకముందే, ఓటరు కార్డులతో అందరూ కిందికి రావాలి. అప్పటికి అన్న, నెల్లూరాయన మా ఇంట్లోనే ఉన్నారు.

మా వారు కొంచెం గొంతు సవరించుకుని "నా కార్డు తెనాలిది," అన్నారు. "మీరు ముగ్గురూ వెళ్లండి."

నేను ఆయన వైపు చూశాను. నాది కాకినాడది. ఆ సంగతి ఆయనకు తెలుసు గాని, పెళ్లయ్యాక మార్చుకుని ఉంటాననుకున్నారట. ఆయనది ఉద్యోగంలో చేరగానే మారి ఉంటుందని నేననుకున్నాను. అన్న మంచినీళ్ల గ్లాసు కింద పెట్టాడు.

"నాది కరీంనగర్ల ఉన్నది."

"మరి ఇన్నాళ్లూ ఎందుకు అరిచావు బావా?"

"మీ ఓట్ల కోసమే అరిసిన! నాది లేకుంటే మీవన్నా మంచిగ పడతయి గదా అని."

ముగ్గురం నెల్లూరాయన వైపు తిరిగాం. ఆరు వారాలుగా మేం బతిమాలుకున్న ఓటరు.

"మేం ఎలక్షన్లకు రైలెక్కి నెల్లూరు పోతామండీ," అన్నాడాయన మెల్లగా. "మీరెవరూ అడగలేదని చెప్పలేదు."

నవ్వొచ్చింది గాని ఎవరూ నవ్వలేదు. ఊరితో మాకు మిగిలిన ఒకే ఒక ప్రభుత్వ సంబంధం ఆ కార్డు. దాన్ని తెంచుకోవడం ఎవరికీ మనసొప్పలేదు, అంతే. అందుకని ఎదుటివాళ్లు తెంచుకునే ఉంటారని మాలో ప్రతి ఒక్కరం నమ్మాం.

పొద్దున రెండు పొట్టి, ఒక పొడుగు ఈల వినబడింది. వెంటనే ఒకటే పొడుగు. అందరం కిందికి దిగాం. ఆంటీ ఇస్త్రీ చీరలో, మెడలో ఈలతో సిద్ధంగా ఉన్నారు. నేను చెప్పాను. వెనకవైపు ఫ్లాట్లలో ఒక్క ఓటూ లేదని.

ఆవిడ ఒక్కొక్కరి ముఖమూ చూశారు, డ్రిల్లుకు బూట్లు లేకుండా వచ్చిన పిల్లల్ని చూసినట్టు. తర్వాత "నాది ఉంది. పదండి," అన్నారు.

అలా ఒక్క ఓటును అయిదుగురం బూత్‌కు తీసుకెళ్లాం. ఆంటీ, నేను ఈ-రిక్షాలో. అన్న, నెల్లూరాయన వెనక నడుస్తూ. మా వారు వరండాలోని ప్లాస్టిక్ కుర్చీని నెత్తిన పెట్టుకుని. వరుస కదిలినప్పుడల్లా ఆయన కుర్చీ జరిపేవారు, ఆంటీ కూర్చునేవారు. పోలీసు వచ్చి "ఓటర్లు కానివాళ్లు బయట ఉండాలి" అంటే, ఆంటీ "వీడు నా దామాద్, వీళ్లు నా పిల్లలు, కుర్చీ నాది" అన్నారు. ఆసుపత్రి గుమాస్తాలాగే ఆ పోలీసు కూడా మమ్మల్నందరినీ ఒకసారి చూశాడు. అన్న పోలిక కుదరక ఆయన్ని మాత్రం ఎక్కువసేపు చూశాడు. తర్వాత పక్కకు తప్పుకున్నాడు. ఓటు లేకుండా ఆ వరుసలో నిలబడిన ఆ గంటలో నాకు సిగ్గేసింది. సిగ్గుకంటే ఎక్కువగా, నా చెయ్యి పట్టుకుని నడవడానికి ఆవిడ ఒప్పుకున్నందుకు సంతోషమేసింది. అంతవరకూ ఆవిడ చెయ్యి నేను పట్టుకోవడమే గాని, నా చెయ్యి ఆవిడకు అవసరపడింది లేదు.

టీ తాగినావిడ ఓడిపోయింది. పోస్టరులో పెద్ద సైజు భర్త ఉన్నావిడ గెలిచింది. కృతజ్ఞతలు చెప్పడానికి ఆ భర్తే వచ్చాడు. ఆంటీ అదే కుర్చీ వేశారు, అదే గ్లాసు ఇచ్చారు.

"కూర్చోండి."

"టైము లేదు ఆంటీజీ."

ఆవిడ ఈల నోట్లో పెట్టుకున్నారు, ఊదలేదు. ఆయన కూర్చున్నాడు. ఆవిడ బడిలోనే చదివినవాడనుకుంటాను.

"నేను మీ మేడమ్‌కు ఓటెయ్యలేదు," అన్నారు ఆంటీ. "టీ చివరిదాకా తాగండి."

చివరిదాకా తాగాడు. మధ్యలో ఒకసారి కళ్లు మూసుకున్నాడు. లేచేటప్పుడు డబ్బా వైపు మొదటిసారి చూశాడు.

వానలు మొదలవడానికి ఇంకా కొన్ని రోజులుండగా లారీ వచ్చింది. ఆంటీ వరండా ముందు నుంచి ఆ ఇనప డబ్బాను ఎత్తింది, మెల్లగా బ్లాకు చుట్టూ తిరిగింది, వెనక సందులో మా బాల్కనీ కింద దింపింది. నేను పరిగెత్తుకెళ్లి, లారీతో వచ్చిన ఆ సన్నటి కార్యకర్తను ఇదేంటని అడిగాను. మర్యాదస్తుడు. "ముందు వైపు వాళ్లు తీసెయ్యమన్నారు మేడమ్," అన్నాడు. "వెనక వైపు ఓట్లు లేవు కదా."

నిజానికి నాకు వాదించాలని లేదు. ఆంటీ కొడుకుకు ఫోను చేసి ఇల్లు అమ్మడం లేదని చెప్పేశారు. దగ్గు తగ్గింది. పాప వరండాలో కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. మా బాల్కనీ తలుపు ఇప్పుడు మూసే ఉంటుంది, బట్టలు గదిలో ఆరతాయి, మా వారు అగరొత్తులు డజన్ల లెక్కన కొంటున్నారు. ఆవిడ పంతొమ్మిదో అంతస్తుకు వెళ్లిపోయి, మాకు మల్లెపూల గాలి మిగిలి ఉంటే ఏం చేసుకునేవాళ్లం? అన్నతో ఈ మాటంటే "గది నిజమే గాని చెల్లె, నాది రెండో అంతస్తు, నీకంటె దగ్గర" అన్నాడు.

అయినా మనిషిని కదా, మొన్న మొదటి వాన పడిన సాయంత్రం పాప కోసం దిగి, ఆ వరండాలో టీ తాగుతూ, తడిసిన చెత్త వాసన మూడో అంతస్తుకు ఎలా ఎక్కొస్తోందో ఆంటీకి వివరంగా చెప్పుకున్నాను. ఆవిడ శ్రద్ధగా విన్నారు. గ్లాసు కింద పెట్టారు.

"ఓటు కాకినాడలో వేస్తావు, చెత్త ఇక్కడ పారేస్తావు," అన్నారు. "వాసన మరి ఎక్కడికి పోవాలి, బేటీ?"